చెప్పింది చేసిన గవర్నరు



అమెరికాలో నల్లజాతి బానిసలకు విముక్తి కలిగించిందెవరని అడిగితే మన పిల్లలు ఠక్కున అబ్రహాం లింకన్ అని చెప్తారు. నిజమే. కాని ఆ లింకన్ ఇంకా పదేళ్ళ కుర్రవాడుగా ఉన్న రోజుల్లోనే, తన సొత్తుగా ఉన్న బానిసలను తనంతట తానే విడిచిపెట్టి, వాళ్ళకు భూములు రాసిచ్చి, ఆ తర్వాత ఒక రాష్ట్రానికి గవర్నరై, ఆ రాష్ట్రంలో బానిసత్వం వేళ్ళూనకుండా అడ్డుపడిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన పేరు ఎడ్వర్డ్ కోల్స్. ఇలినాయ్ రాష్ట్రానికి రెండవ గవర్నరు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించదు. అందుకే ఈవేళ ఆయన కథ చెప్పుకుందాం.

గవర్నరు అనగానే మనకు రాజభవనంలో ఉండే పెద్దాయన గుర్తుకొస్తారు. అమెరికాలో అలా కాదు. అక్కడ గవర్నరును రాష్ట్ర ప్రజలే వోట్లు వేసి ఎన్నుకుంటారు. రాష్ట్ర పరిపాలన ఆయన చేతిలోనే ఉంటుంది. మన లెక్కలో చెప్పుకోవాలంటే ముఖ్యమంత్రి వంటివాడన్నమాట.

కోల్స్ 1786 డిసెంబరు 15న వర్జీనియా రాష్ట్రంలో, అల్బెమార్ల్ జిల్లాలో పుట్టాడు. ఇంటి ఎస్టేటు పేరు ఎన్నిస్కార్తీ. బాగా కలిగిన కుటుంబం. స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ఇల్లు ఆ జిల్లాలోనే. రాజ్యాంగ నిర్మాత జేమ్స్ మాడిసన్‌కు కూడా ఈ కుటుంబంతో చుట్టరికం కలిసింది. మాడిసన్ భార్య డాలీ తల్లి పుట్టింటివారు కోల్స్ వంశంవారే. అంతటి పెద్దల నడుమ పెరిగిన పిల్లవాడు ఎడ్వర్డ్.

అలాంటి ఇళ్ళల్లో పొలం దున్నేదీ, వంట చేసేదీ, గుడ్డలుతికేదీ, దొరసాని బిడ్డకు పాలిచ్చి పెంచేదీ కూడా బానిసలే. పైగా వర్జీనియా చట్టం ఒకటుండేది. తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ కూడా బానిసే. తండ్రి ఎవరన్న ప్రశ్నే లేదు. అంటే బానిస తల్లి కన్న బిడ్డ, కళ్ళు తెరవకముందే యజమాని ఆస్తి జాబితాలో చేరిపోయేది. ఆ యజమానికి అప్పులైతే, లేదా చనిపోయి ఆస్తి పంపకాలు జరిగితే, తల్లి ఒక ఇంటికీ బిడ్డ మరో ఇంటికీ పోయేవారు. దీన్ని తప్పు అనే చట్టం లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇదే చూస్తూ పెరిగేవారికి ఇందులో వింతేమీ తోచేది కాదు.

ఎడ్వర్డ్‌కు మాత్రం తోచింది. విలియం అండ్ మేరీ కళాశాలలో చదువుతుండగా, అక్కడి అధ్యక్షుడు బిషప్ జేమ్స్ మాడిసన్ మనిషి హక్కుల గురించి పాఠాలు చెప్పేవాడు. రాజ్యాంగం రాసిన మాడిసన్‌కు ఈయన దాయాది, పేరూ అదే. మనుషులందరూ స్వేచ్ఛగానే పుట్టారని మీరు చెప్తున్నారు గదా, మరి ఒక మనిషి ఇంకో మనిషికి యజమాని ఎలా అవుతాడండీ అని కుర్రవాడు ఆయన్ని అడిగాడు. సూత్రప్రకారం దాన్ని సమర్థించలేమనీ, అయినా పాతుకుపోయిన వ్యవస్థ గనుక వదిలించుకోవడం కష్టమనీ గురువుగారు చెప్పారు. సమర్థించలేని పనిని ఎలా చేస్తాం అనుకున్నాడు శిష్యుడు. తన వంతుకు వచ్చే బానిసలను ఎన్నడూ బానిసలుగా ఉంచుకోనని అప్పుడే నిర్ణయించుకున్నాడు.

ఇక్కడ ఆయన చేసిన పని ఒకటి గమనించండి. ఆ నిర్ణయాన్ని తండ్రికి చెప్పలేదు. చెబితే, వీడికి బానిసలనిస్తే వదిలేస్తాడని, వాళ్ళను తక్కిన అన్నదమ్ములకు రాసేస్తాడేమోనని భయం. 1808లో తండ్రి పోయాడు. రాక్‌ఫిష్ నది ఒడ్డున 782 ఎకరాల భూమి, దానితోబాటు కొందరు బానిసలు ఎడ్వర్డ్ వాటాకు వచ్చారు. అప్పుడు బయటపెట్టాడు తన ఉద్దేశం. ఇంట్లో అందరూ లబోదిబోమన్నారు. పనివాళ్ళు లేకుండా పొలం ఏం చేసుకుంటావన్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. 1806లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం విడుదలైన బానిస ఏడాదిలోగా ఆ రాష్ట్రం వదిలిపోవాలి. అంటే వాళ్ళను వదిలిపెట్టడమంటే కట్టుబట్టలతో పరాయి దేశానికి తోలేయడమే. కాబట్టి తానే వాళ్ళను వెంటబెట్టుకుని, బానిసత్వం లేని చోటికి వలసపోవాలని నిశ్చయించుకున్నాడు.

అంతలో అధ్యక్షుడు మాడిసన్ నుంచి పిలుపు వచ్చింది, తనకు ఆంతరంగిక కార్యదర్శిగా ఉండమని. కాదనలేక వెళ్ళాడు. 1810 నుంచి 1815 దాకా అధ్యక్షభవనంలోనే గడిచింది. డాలీ మాడిసన్ విందులూ వేడుకలూ నగరమంతా చెప్పుకునే రోజులవి. చక్కని రూపం, మర్యాద తెలిసిన మాట, పెళ్ళికాని యువకుడు. ఆ వైభవంలో పాత సంకల్పం మరుగున పడిపోవలసిందే. పడలేదు. వాషింగ్టన్ వీధుల్లో సంకెళ్ళు వేసిన బానిసల గుంపు కనిపించినప్పుడు, ఇది చూడడానికి మన పక్కన విదేశీ రాయబారి ఎవరూ లేకపోవడం మన అదృష్టమండీ అని అధ్యక్షుడితో నవ్వుతూనే అనేవాడట. నవ్వుతూ అన్నా తగలవలసిన చోట తగిలే మాటే అది.

ఆ రోజుల్లోనే ఆయన చేతిమీదుగా ఒక మంచి పని జరిగింది. జాన్ ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ మాజీ అధ్యక్షులు. ఒకప్పుడు ప్రాణస్నేహితులు, తర్వాత రాజకీయాల వల్ల మాటలు మానేశారు. 1811లో కోల్స్ తన అన్న జాన్‌తో కలిసి ఆడమ్స్ ఇంటికి వెళ్ళినప్పుడు, జెఫర్సన్ అంటే తనకెప్పుడూ ఇష్టమేనని ఆ వృద్ధుడు మనసు విప్పి చెప్పాడు. ఆ మాట మిత్రుల ద్వారా జెఫర్సన్‌కు చేరింది. 1812లో ఇద్దరూ మళ్ళీ ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఉత్తరాలు ఈనాటికీ అమెరికన్లు ముచ్చటగా చదువుకుంటారు.

ఇక జెఫర్సన్‌కు కోల్స్ స్వయంగా రాసిన ఉత్తరం సంగతి. 1814 జూలై 31న, 27 ఏళ్ళ కోల్స్, 71 ఏళ్ళ జెఫర్సన్‌కు ఎంతో వినయంగా ఒక ఉత్తరం రాశాడు. మనుషులందరూ సమానమని ప్రపంచానికి చాటినవారు మీరే గదా, వర్జీనియాలో బానిసత్వాన్ని క్రమంగా తొలగించే పనికి మీరే ముందు నిలబడండి, మీ మాటకు ఉన్న విలువ ఇంకెవరి మాటకూ లేదు అని వేడుకున్నాడు. ఆగస్టు 25న జవాబు వచ్చింది. బానిసత్వం తప్పేనని జెఫర్సన్ ఒప్పుకున్నాడు. కాని తాను ముసలివాణ్ణయ్యాననీ, ఇది కుర్రవాళ్ళు చేయవలసిన పని అనీ అన్నాడు. అంతేకాదు, నువ్వు నీ బానిసలను వదిలి దేశం పోవద్దు, ఇక్కడే ఉండి వాళ్ళకు తిండీ బట్టా చక్కగా చూస్తూ నెమ్మదిగా జనం మనసు మార్చు అని సలహా ఇచ్చాడు. కోల్స్ ఊరుకోలేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ మీకంటే పెద్ద వయసులో ఈ పనికి పూనుకున్నాడు గదండీ అని మళ్ళీ రాశాడు. దానివల్ల ఫలితమేమీ కనబడలేదు.

ఇక పెద్దల మీద ఆశ వదులుకున్నాడు. 1816లో ఒక దౌత్యకార్యం మీద మాడిసన్ ఆయన్ని రష్యా పంపించాడు. అది ముగించుకొని, యూరప్ చూసుకొని తిరిగొచ్చి, పడమటి దిక్కున కొత్తగా ఏర్పడుతున్న ఇలినాయ్‌కి వెళ్ళి భూములు చూసుకున్నాడు. ఆ ప్రాంతంలో బానిసత్వం ఉండరాదని 1787లోనే శాసనం చేశారు. వర్జీనియాలోని తన కమతాన్ని అన్నకు అమ్మేశాడు. 1819 వసంతకాలంలో ప్రయాణం కట్టాడు.

17 మంది దాకా బానిసలు, వాళ్ళలో పసిపిల్లలు, తల్లులు. గుర్రపు బండ్లను నడిపించుకొచ్చే పెత్తనం ఆ బానిసల్లోనే ఒకరికి అప్పగించాడు. కొండలు దాటి పెన్సిల్వేనియాలోని బ్రౌన్స్‌విల్ చేరాక, అడుగు బల్లపరుపుగా ఉండే రెండు పెద్ద పడవలు కొని, బండ్లూ గుర్రాలూ సామానూ మనుషులూ అన్నిటినీ వాటి మీదికెక్కించాడు. పిట్స్‌బర్గ్ దాటి ఓహయో నదిలోకి వచ్చారు. అప్పటికింకా వాళ్ళకు అసలు సంగతి తెలియదు. యజమాని ఎక్కడికో తీసుకుపోతున్నాడు, పోతున్నాం అనుకుంటున్నారంతే.

ఏప్రిల్ నెల. ఎండ చక్కగా కాస్తోంది. నది నిదానంగా పారుతోంది. ఒడ్డున కొండలు పచ్చగా చిగుర్లు వేశాయి. కోల్స్ రెండు పడవలనూ ఒకచోటికి చేర్చి కట్టించి, అందరినీ తన చుట్టూ పిలిచి, నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ఈ క్షణం నుంచి మీరు నాలాగే స్వతంత్రులు. నాతో రావాలంటే రండి, లేదా ఈ ఒడ్డున దిగి మీ దారిన వెళ్ళినా సరే, మిమ్మల్ని అడిగేవాడు లేడు అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆయన ముఖమూ, ఒకరి ముఖమొకరూ చూసుకున్నారు. చెవిన పడ్డది నిజమా అన్న అనుమానం. కాసేపటికి ఒక వెర్రి నవ్వు, ఆ వెనకే కన్నీళ్ళు. ఆ తర్వాత మాట పెగిలి, మీరు కొత్తచోట స్థిరపడేవరకు మీ దగ్గరే ఉండి పనిచేసి పెడతామన్నారట. అక్కర్లేదన్నాడు ఆయన. పైగా ఇన్నాళ్ళూ చేసిన చాకిరీకి ప్రతిఫలంగా ఒక్కొక్క కుటుంబ పెద్దకు ఇలినాయ్‌లో 160 ఎకరాల భూమి ఇస్తానని చెప్పాడు. ఇదంతా తర్వాత ఆయనే రాసిపెట్టిన వృత్తాంతం. ఆ పడవల మీద ఉన్న తల్లులు, బిడ్డలను ఒళ్ళో పెట్టుకుని ఏమనుకున్నారో వాళ్ళ నోట మనకు దక్కలేదు. చదువు నేర్పకుండా ఉంచేసిన మనుషుల చరిత్ర ఇలా పరాయివాళ్ళ కలం గుండానే రావలసి వస్తుంది.

ఎడ్వర్డ్స్‌విల్ అనే ఊరి దగ్గర స్థిరపడ్డారు. అన్నమాట ప్రకారం భూములు ఇచ్చాడు. 1819 జూలై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, విడుదల పత్రాలు రాసిచ్చాడు. రాల్ఫ్ క్రాఫర్డ్, ఆయన భార్య కేట్, రాబర్ట్ క్రాఫర్డ్ మొదలైనవారు ఆ విధంగా అక్కడ కొత్త సంసారాలు పెట్టుకున్నారు. కోల్స్‌కు ప్రభుత్వ భూముల కార్యాలయంలో రిజిస్ట్రారు ఉద్యోగం దొరికింది. ఆయన చేసిన పని విని మాడిసన్ ఉత్తరం రాస్తూ, వాళ్ళ స్థితి మార్చినట్టే వాళ్ళ రంగు కూడా మార్చగలిగితే బాగుండునని అన్నాడు. తెల్లవాళ్ళ నడుమ వాళ్ళకు సమానత్వం దొరకదని అంతటి పెద్దమనిషి ముందే చేతులెత్తేశాడన్నమాట.

అసలు పరీక్ష ఇప్పుడే మొదలైంది. ఇలినాయ్ 1818 డిసెంబరు 3న రాష్ట్రమైంది. పేరుకు బానిసత్వం లేని రాష్ట్రం. కాని చాటుమాటుగా అన్నీ ఉన్నాయి. పూర్వం ఫ్రెంచివాళ్ళ కాలం నుంచి ఉన్న బానిసలను అలాగే ఉంచేశారు. షానీటౌన్ దగ్గరి ఉప్పు బట్టీల్లో 1825 దాకా బయటి బానిసలతో పని చేయించుకోవచ్చని రాజ్యాంగంలోనే రాశారు. ఏళ్ళ తరబడి కట్టుబడి పత్రాలు రాయించుకుని, వెట్టిచాకిరీ చేయించడం మామూలు. 1820 జనాభా లెక్కల్లో ఈ స్వేచ్ఛా రాష్ట్రంలోనే 917 మంది బానిసలు తేలారు.

పక్కనే మిసోరి ఉంది. అక్కడ బానిసత్వానికి అడ్డులేదు. డబ్బున్న దక్షిణాది ఆసాములు బానిసల గుంపులతో, బండ్ల వరసలతో ఇలినాయ్ మీదుగా మిసోరికి పోతుంటే, ఇక్కడి రైతులకు కడుపు మండేది. మన రాష్ట్రంలోనూ బానిసలను ఉంచుకోనిస్తే ఆ డబ్బంతా ఇక్కడే దిగేది గదా, భూముల ధరలు పెరిగేవి గదా అని మాటలు మొదలయ్యాయి. రూపాయి కనబడితే న్యాయం మరుగున పడడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

1822లో గవర్నరు ఎన్నిక వచ్చింది. నలుగురు నిలబడ్డారు. కోల్స్‌కు 2,854 వోట్లు, జోసెఫ్ ఫిలిప్స్‌కు 2,687, థామస్ బ్రౌన్‌కు 2,443, జేమ్స్ మూర్‌కు 622 వచ్చాయి. ఫిలిప్స్, బ్రౌన్ ఇద్దరూ బానిసత్వాన్ని కోరేవారి పక్షం. వాళ్ళ వోట్లు చీలిపోబట్టి కోల్స్ 167 వోట్ల ఆధిక్యంతో గట్టెక్కాడు. లెక్క చూస్తే ఆయనకు పడినవి మూడింట ఒక వంతు వోట్లే. శాసనసభ చూస్తే అంతా అవతలి పక్షం. అలాంటప్పుడు తెలివిగలవాడెవడైనా నాలుగేళ్ళు నోరు మూసుకుని గడిపేస్తాడు. ఈయన డిసెంబరు 5న రాజధాని వాండేలియాలో చేసిన మొట్టమొదటి ప్రసంగంలోనే, మిగిలిన బానిసలను కూడా విడిపించండి, నల్లవాళ్ళ మీదున్న క్రూర చట్టాలను సవరించండి అని శాసనసభ్యుల ముఖం మీదే చెప్పాడు.

తేనెతుట్టె కదిలింది. రాజ్యాంగం తిరగరాయడానికి ప్రత్యేక సభ పిలవాలనీ, అందుకు జనం వోటు తీసుకోవాలనీ వాళ్ళు తీర్మానం తెచ్చారు. బయటికి ఏవేవో సంస్కరణలన్నారు. లోపల ఉద్దేశం బానిసత్వాన్ని తేవడమే. ఆ తీర్మానానికి మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. ప్రతినిధుల సభలో ఒక్క వోటు తక్కువైంది. నికొలస్ హాన్సెన్ అనే సభ్యుడు వ్యతిరేకంగా వోటు వేశాడు. ఏం చేశారనుకున్నారు? పది వారాల కిందట ఆయన ఎన్నిక సక్రమమేనని తీర్పు చెప్పిన ఆ సభే, ఆ తీర్పును తిరగదోడి హాన్సెన్‌ను తీసేసి, ఆయన మీద ఓడిపోయిన జాన్ షాను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది! షా వోటుతో తీర్మానం నెగ్గింది. ఆ రాత్రి దివిటీలు పట్టుకొని, కొమ్ములూదుతూ, డప్పులూ రేకు పళ్ళాలూ వాయిస్తూ, గవర్నరు బస ముందు గుంపు చేరి వెక్కిరిస్తూ ఊరేగింది.

జనం వోటు వేయడానికి 18 నెలల వ్యవధి ఉంది. కోల్స్ దగ్గర ఉన్న ఆయుధాలు రెండే, డబ్బూ అక్షరమూ. గవర్నరు జీతం ఏడాదికి 1,000 డాలర్లు. నాలుగేళ్ళ జీతం, మొత్తం 4,000 డాలర్లు, ఈ పోరాటానికే ధారపోశాడు. నెల జీతంలో నాలుగు రూపాయలు వెనకేయడానికి మనం పడే తంటాలు తెలిసినవాళ్ళకు ఆ మాట బరువు వేరే చెప్పక్కర్లేదు. రాజధానిలోని పత్రికలో వాటా కొని, దాన్ని తన పక్షానికి తిప్పాడు. ఫిలడెల్ఫియా మిత్రులు నికొలస్ బిడిల్, రాబర్ట్స్ వాక్స్‌లకు రాసి, కరపత్రాలు అచ్చు వేయించి తెప్పించాడు. ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడిన మోరిస్ బర్క్‌బెక్ అనే పెద్ద రైతు, జొనాథన్ ఫ్రీమన్ అనే మారుపేరుతో, మామూలు రైతుకు అర్థమయ్యేలా పత్రికల్లో లేఖలు రాశాడు. బానిసలు వస్తే బాగుపడేది పెద్ద ఆసాములేననీ, స్వయంగా నాగలి పట్టేవాడి బతుకు చితికిపోతుందనీ విడమర్చి చెప్పాడు. జాన్ మేసన్ పెక్ వంటి మతబోధకులు ఊరూరా తిరిగారు. ఈ నడుమ కోల్స్ పొలంలోని కట్టడాలూ పండ్ల చెట్లూ అగ్నికి ఆహుతి అయ్యాయి కూడాను.

అది చాలదన్నట్టు కోర్టు వ్యవహారం ఒకటి. విడుదలైన ప్రతి బానిస విషయంలో, వాడు ప్రభుత్వానికి భారం కాడని యజమాని పూచీకత్తు రాసివ్వాలని ఇలినాయ్‌లో 1819 మార్చిలో చట్టం చేశారు. కోల్స్ విడుదల పత్రాలిచ్చిన జూలై నాటికి ఆ చట్టం ఇంకా అచ్చై బయటికి రానేలేదు. అయినా మాడిసన్ కౌంటీవారు ఆయన మీద దావా వేశారు. తలకు 200 చొప్పున 2,000 డాలర్ల జరిమానా పడింది. అంటే బానిసలను ఉంచుకుంటే నేరం లేదు, విడిచిపెట్టినందుకు జరిమానా! శాసనసభ తర్వాత దాన్ని రద్దు చేసినా కింది న్యాయమూర్తి ఒప్పుకోలేదు. చివరికి 1826లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆయన్ని విముక్తుణ్ణి చేసింది.

1824 ఆగస్టు 2న వోటింగు జరిగింది. ముసలివాళ్ళనూ, జబ్బుపడినవాళ్ళనూ సైతం బండ్లలో తెచ్చి వోటు వేయించారు. ఆడవాళ్ళకు వోటు హక్కు లేదు. నల్లవాళ్ళకూ లేదు. ఏ బానిస తల్లి బిడ్డల సంగతి తేలబోతోందో ఆమెకు అందులో ఏ మాటా లేదు. ప్రత్యేక సభ కావాలన్నవారు 4,972 మంది, వద్దన్నవారు 6,640 మంది. 1,668 వోట్ల తేడాతో ఇలినాయ్ బానిసత్వాన్ని తోసిపుచ్చింది. అదే ఏడాది నవంబరులో దేశాధ్యక్షుని ఎన్నికకు ఆ రాష్ట్రంలో పోలైన వోట్లు ఇందులో సగం కూడా లేవు. దీనికి జనం ఎంత పట్టుదలగా వచ్చారో దాన్నిబట్టే తెలుస్తుంది.

గెలిచాక కూడా కోల్స్‌కు సుఖం లేదు. తనకు అండగా నిలిచిన బర్క్‌బెక్‌ను రాష్ట్ర కార్యదర్శిగా వేస్తే, మూడు నెలలకే సెనేటు తీసేయించింది. పాపం, ఆ బర్క్‌బెక్ 1825లో నది దాటుతూ మునిగిపోయాడు. అదే ఏడాది ఫ్రెంచి వీరుడు లఫయెట్ రాష్ట్రానికి వస్తే స్వాగతం చెప్పి గౌరవించింది కోల్సే. తర్వాత ఆయన కొన్నాళ్ళు రాష్ట్రం విడిచి వెళ్ళి వస్తే, ఉపగవర్నరు హబ్బర్డ్ కుర్చీ దిగనని మొండికేశాడు. అదీ తేలి, 1826లో పదవీకాలం ముగిసింది. తర్వాత కాంగ్రెసుకు పోటీచేసి ఓడిపోయాడు. 1832 ప్రాంతంలో ఫిలడెల్ఫియా చేరాడు. 1833లో, 46 ఏళ్ళ వయసులో శాలీ లోగన్ రాబర్ట్స్‌ను పెళ్ళాడాడు. ముగ్గురు పిల్లలు కలిగారు.

తక్కిన పెద్దల సంగతి ఏమైందంటారా? జెఫర్సన్ 1826లో అప్పులతో చనిపోయాడు. మరుసటి జనవరిలో ఆయన ఇంటి ముంగిట 130 మంది బానిసలను వేలానికి పెట్టారు. భార్యాభర్తలూ తల్లీబిడ్డలూ చెల్లాచెదురైపోయారు. మాడిసన్ చేత విడుదల పత్రం రాయించాలని కోల్స్ ఎంతో పోరాడాడు. 1836లో మాడిసన్ చనిపోయాక వీలునామా విప్పితే అందులో బానిసల విముక్తి లేదు. తర్వాత డాలీ అప్పుల పాలై ఎస్టేటునూ బానిసలనూ అమ్ముకుంది. బానిసత్వం తప్పని వీరందరూ ఒప్పుకున్నవారే. ఆ తప్పు మీద ఆధారపడిన ఇల్లూ విందులూ పరువూ వదులుకోలేకపోయారు. కోల్స్ వదులుకున్నాడు. తేడా అంతా అక్కడే ఉంది.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. పదేళ్ళు గడిచేదాకా తన దగ్గరున్నవారిని బానిసలుగానే ఉంచుకున్నాడు. విడుదలైన నల్లవాళ్ళు ఆఫ్రికా వలసపోవడం మంచిదన్న వాదాన్ని తానూ బలపరచాడు. ఆయన గెలిపించిన ఇలినాయ్‌లోనూ నల్లవాళ్ళకు సమాన హక్కులు రాలేదు. 1848 రాజ్యాంగంతో గాని బానిసత్వం పూర్తిగా పోలేదు. 1853లో అయితే బయటి నల్లవాళ్ళు రాష్ట్రంలో వచ్చి స్థిరపడరాదని చట్టమే చేశారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. చిన్నకొడుకు రాబర్ట్స్ వర్జీనియా వెళ్ళి స్థిరపడ్డాడు. అంతర్యుద్ధం వచ్చినప్పుడు దక్షిణాది సైన్యంలో చేరి, 1862 ఫిబ్రవరిలో రోనోక్ ద్వీపం పోరులో ప్రాణం వదిలాడు. బానిసత్వాన్ని వదిలించుకోవడానికి తండ్రి ఏ నేలను విడిచి వచ్చాడో, ఆ నేల పక్షాన కొడుకు నేలకొరిగాడు. ఆ తల్లి శాలీ పడిన క్షోభ ఊహించుకోవలసిందే. 1865లో దేశమంతటా బానిసత్వం రద్దు కావడం కళ్ళారా చూసి, 1868 జూలై 7న, 81వ ఏట కోల్స్ కన్నుమూశాడు.

ఇలినాయ్‌లో ఆయన పేరుతో కోల్స్ కౌంటీ ఉంది. లింకన్ తండ్రి చివరి రోజులు గడిచినదీ, లింకన్‌ను కన్నకొడుకులా పెంచిన సవతితల్లి సేరా బుష్ జీవించినదీ ఆ కౌంటీలోనే. 1830లో లింకన్ కుటుంబం వలస వచ్చేనాటికి ఇలినాయ్ బానిసరాష్ట్రమై ఉంటే, అక్కడ లింకన్ రాజకీయాలు ఎలా సాగేవో! ఆ 1,668 వోట్ల విలువ అంత.

మీ పిల్లలు లింకన్ పాఠం చదువుతున్నప్పుడు ఈయన కథ కూడా ఒకసారి చెప్పండి. ఓహయో నది మీద కట్టిన ఆ రెండు పడవల గురించీ, అందులో బిడ్డలతో కూర్చున్న తల్లుల గురించీ చెప్పండి. శలవు.